సౌఫన్ అక్క విప్పి చూసిన ఫండు

షామ్ షుయ్ పో పేటలో నాకు తెలియని మనిషి లేడు. నేనెవరో తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే అది వాళ్ళ దురదృష్టం. చదువు సంగతి అడగొద్దు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. ఆ దిగులు తట్టుకోలేక కొన్నాళ్ళకి ఆ బడే మూతపడింది. ఇంతటివాడు పని మానుకుని ఒకరి గురించి రాయడానికి కూర్చున్నాడంటే ఆ మనిషి ఏ రాజవంశమో అనుకుంటారు. కాదు. లుక్ సౌఫన్ అనే మామూలు మనిషి. అరవై దాటిన ఆడమనిషి, నా భుజం దాకా కూడా రాదు. ఆగస్టు ఎండల్లో కూడా స్వెటర్ వేసుకునే తిరుగుతుంది. ఎందుకంటే మా యిప్ యజమాని షేర్ల దుకాణంలో ఏసీ అలాంటిది. ఒకసారి ఒక ముసలాయన మీసాలకి మంచు పట్టింది. నేనే గోకి తీశాను.

అక్కకి ఒక జబ్బుంది. ఏది కనబడినా విప్పి చూడాలి. టీ హోటల్లో ఆవిరి బుట్ట మూత తియ్యగానే లోకమంతా రొయ్యల కుడుము నోట్లో వేసుకుంటుంది. అక్క మాత్రం తినే పుల్లలతో దాని పొట్ట చీల్చి, లోపల రొయ్య ఉందా, రొయ్య పేరు మాత్రమే ఉందా అని చూస్తుంది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ప్లాస్టిక్ పూలు అతికించి ఫ్యాక్టరీకి ఇచ్చేవాళ్ళట. అమ్మ అతికించిన పువ్వుని ఈవిడ ఊడదీసి చూసేదట. అందుకే ఆ ఇంట్లో వీధి మొత్తం మీద ఎక్కువ పనీ, వీధి మొత్తం మీద తక్కువ కూలీ. పెళ్ళికి రేడియో వస్తే దాన్నీ విప్పి మళ్ళీ బిగించింది. ఆ తర్వాత అందులో పాటలు పోయి పక్కింటివాళ్ళ తగాదాలు వినబడేవని ఆవిడ భర్త హౌ బావ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

హౌ బావది కాగితం ఇళ్ళ పని. వెదురు పుల్లలు, రంగు కాగితం, జిగురు పెట్టి మేడలు, కార్లు, నౌకర్లు, కుక్కపిల్లలు తయారుచేస్తాడు. చనిపోయిన పెద్దలకి చేరాలని జనం వాటిని కొని తగలబెడతారు. మా పేటలో బతికున్నవాళ్ళం ఒక్క మంచం మాత్రమే పట్టే గదిలో కాళ్ళు ముడుచుకుని పడుకుంటాం. చచ్చినవాళ్ళకి మాత్రం మేడ, మేడ మీద తోట.

అక్క పగలు బట్టల ఫ్యాక్టరీలో కుట్టింది, సాయంత్రం బడికెళ్ళి చదివింది, టైపు నేర్చుకుంది, తర్వాత యిప్ గారి దుకాణంలో చేరి ఒక్కో పరీక్షా రాసుకుంటూ నిబంధనలు చూసే అధికారి అయింది. కొత్త సరుకు ఏది వచ్చినా దాన్ని మా ఖాతాదారులకి అమ్మొచ్చా, అమ్మితే ఎలా అమ్మాలి అని తేల్చి సంతకం పెట్టాల్సింది ఆవిడే. నేనా? టీ, తెర, ఫ్యాను, తగాదా, ఇవన్నీ నా శాఖలు. ఒకసారి నేను పొరపాటున ధరల తెర ప్లగ్గు పీకితే సగం ఆసియాలో అమ్మకాలు ఆగిపోయాయి. అది పేపర్లో రాకుండా చూసుకున్నాను.

దుకాణం మెట్లెక్కి వెళ్ళాలి. తెర ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉంటాయి. పొద్దున్నే ముసలాళ్ళు ఫ్లాస్కులతో, కమలాపళ్ళతో వచ్చి కూర్చుంటారు. సముద్రం మీద పడవ నడిపి విశ్రాంతి తీసుకున్న పాంగ్ బాబాయ్ తన దిండు తనే తెచ్చుకుంటాడు. ఫుంగ్ మామ్మ అల్లిక తెచ్చుకుంటుంది. షేరు పడితే ఆవిడ అల్లిక బిగుసుకుంటుంది, పెరిగితే వదులవుతుంది. ఆవిడ మనవడి స్వెటర్ చూసి ఆ ఏడాది బజారు ఎలా నడిచిందో నేను చెప్పగలను.

ఇలా ఉండగా ఒక పొద్దున యిప్ యజమాని ముఖం వెలిగిపోతూ వచ్చాడు. వెనక ఆయన మేనల్లుడు రేమండ్. పెద్ద బ్యాంకులన్నీ ఉండే సెంట్రల్ పేటలో పెద్ద ఫండు కంపెనీలో ఉద్యోగం, కాలికి అద్దంలా మెరిసే జోడు.

“సౌఫన్! మావాడి కంపెనీ కొత్త ఫండు తెచ్చింది. షేర్ల సూచీ వెంట నడిచే ఫండు. మన దుకాణంలోనే మొదలుపెడుతున్నాం. పంచాంగం చూపించాను, వచ్చే వారం మంచి రోజుంది. ఆ రోజు దేవుడి ముందు కొయ్యడానికి కాల్చిన పందికి కూడా ఆర్డరిచ్చేశాను. నువ్వు ‘సాదా సరుకు’ అని ఒక సంతకం పడేస్తే పనైపోతుంది.”

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా వ్యాపారంలో సరుకు రెండు రకాలు. సాదా సరుకైతే అడిగినవాడికి అడిగినంత అమ్మేయొచ్చు. చిక్కు సరుకైతే అలా కుదరదు. కొనేవాణ్ణి కూర్చోబెట్టి, ఇదేమిటో నీకు తెలుసా, పోతే తట్టుకోగలవా, నీ వయసుకి ఇది తగునా అని అడిగి, ఉన్న ప్రమాదమంతా విప్పి చెప్పి, ఆ తర్వాతే అమ్మాలి. ఈ ఫండు మరీ కొత్తది. ఏది సాదా, ఏది చిక్కు అని ఎవరి దుకాణంవాళ్ళు వాళ్ళే తేల్చుకోవాలి. మా పేటలో ఒక పెద్దమనిషిని పట్టుకుని ‘ఇది నీకు తెలుసా’ అని అడగడమంటే పదిమందిలో చెంప మీద కొట్టినట్టే. ఆ ప్రశ్నలు మొదలుపెడితే ముసలాళ్ళు లేచిపోతారని యజమాని భయం.

“ముందు చూడనివ్వండి యజమానీ” అంది అక్క.

“చూడ్డానికేముంది? సూచీ ఎక్కితే ఇదీ ఎక్కుతుంది, దిగితే ఇదీ దిగుతుంది. లిఫ్టు లాగా. ఇందులో చిక్కేముంది?”

“లిఫ్టు ఎక్కేముందు తాడు దేనికి కట్టారో చూసుకోవద్దా?”

రేమండ్ నవ్వాడు. “పిన్నీ, మా ఫండు సూచీని వదలకుండా వెంటే నడుస్తుంది. లెక్కలు చూడండి, వెంట్రుకంత తేడా కూడా లేదు.”

“నీడ కూడా వెంటే నడుస్తుంది బాబూ. దానికి అన్నం పెడితే తింటుందా? సూచీలో ఉన్న కంపెనీల షేర్లు మీ ఫండు దగ్గర ఉన్నాయా?”

“ఉన్నట్టే పిన్నీ.”

“ఉన్నాయా, ఉన్నట్టా?”

రేమండ్ జోళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ జోళ్ళలో వాడి ముఖం వాడికి కనిపించి ఉంటుంది.

అక్క ఆ ఫండు కాగితాలు ముందేసుకుని కూర్చుంది. అంత లావు పుస్తకం. దాన్ని తల కింద పెట్టుకుని నేను మధ్యాహ్నం కునుకు తీస్తే ఇంగ్లీషులో కల వచ్చింది. ఆవిడ మాత్రం కుడుమును విప్పినట్టు విప్పింది. లోపల సూచీలోని షేర్లు లేవు. ఒక విదేశీ బ్యాంకు ఇచ్చిన మాట ఉంది: ఆ షేర్లు ఎంత పెరిగితే అంత మేం ఇస్తాం అని. ఫండు డబ్బు ఆ మాట మీద నిలబడి ఉంది. బ్యాంకు బోర్లాపడితే ఏమిటంటే, తాకట్టుగా ఇంకేవో దేశాల షేర్లు కొన్ని పెట్టారు. సూచీ వెంట నడిచే ఫండ్లన్నీ ఇలా ఉండవు. చాలావాటిలో నిజం షేర్లే ఉంటాయి. అలాంటివాటికి అక్క లోపల చూసి వెంటనే సాదా అని రాసిచ్చింది. బయటి నుంచి చూస్తే రెండూ కవలపిల్లలే.

అక్క అన్ని రోజులు తల వంచుకుని చదవడం చూసి ఫుంగ్ మామ్మ ఊరుకోలేకపోయింది. “ఏంటే సౌఫన్, ఆ ఫండులో ఏముందో మాకు కూడా చెప్పవే. రోజూ చూస్తున్నాం, కళ్ళు పోగొట్టుకుంటున్నావు.”

ఇక్కడే అక్క పెద్ద తప్పు చేసింది. పాపం, రాత్రీ పగలూ ఇంట్లో కాగితం మేడల మధ్య తిరిగే మనిషి. నోటికి అదే వచ్చింది.

“మామ్మా, మా ఆయన కట్టే కాగితం ఇల్లు చూశావుగా. తలుపులు, కిటికీలు, మేడ మీద తోట, అన్నీ అచ్చం ఇల్లే. కానీ లోపల ఇటుక లేదు. తగలబెట్టాక అవతలి లోకంలో ఎవరో అందిస్తేనే అది ఇల్లు. ఈ ఫండు కూడా అలాంటిదే.”

అల్లిక సూది కింద పడింది. పాంగ్ బాబాయ్ దిండు మీంచి లేచి నిలబడ్డాడు.

“ఏంటీ? చచ్చినవాళ్ళకి తగలేసే సరుకా? నాకు అమ్ముదామనా?”

“అది కాదు బాబాయ్, పోలిక చెబుతున్నా...”

“పోలికా! నా పుట్టినరోజు ఇంకా రెండు నెలల్లో ఉంది, ఇప్పుడే నాకు కాగితం మేడ కట్టిస్తున్నావా? నేనింకా బతికే ఉన్నానమ్మా! తుఫానులో పడవ తిరగబడితే చావలేదు, నీ ఫండుతో చస్తానా?”

“ఛీ ఛీ, ఉమ్ము! ఉమ్మి మళ్ళీ చెప్పు!” అని ఫుంగ్ మామ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. మా వాళ్ళలో అశుభం పలికితే ఉమ్మి, ఆ మాటనే మళ్ళీ మంచిగా పలకాలి. అక్క నోరు తెరిచేలోగా కుర్చీలన్నీ ఖాళీ. మర్నాడు చూస్తే మా ముసలాళ్ళంతా వెనక సందులోని ఇంకో దుకాణంలో, వీపు లేని బల్లల మీద కూర్చుని నడుములు పట్టుకుంటున్నారు. అయినా కదలరు. ఒక్క దిండు మాత్రం మా దగ్గర ఉండిపోయింది. దాన్ని తేవడానికి కూడా పాంగ్ బాబాయ్ రాలేదు, మనిషిని పంపాడు.

యజమాని ముఖం పచ్చి మిరపకాయ నమిలినట్టయింది. “మాట దొరకలేదా నీకు! ప్రపంచంలో ఇన్ని వస్తువులుంటే కాగితం ఇల్లే దొరికిందా! విను సౌఫన్. పంది రోజున వాళ్ళంతా వస్తారు. మాంసం ఉందంటే రాకుండా ఎలా ఉంటారు? అందరి ముందు ఉమ్మి మళ్ళీ చెప్పు. చెప్పి, సాదా సరుకు అని సంతకం పెట్టు. లేదంటే ఇంక నీకు విశ్రాంతి. ఇంట్లో కూర్చుని హౌ కట్టే మేడలకి జిగురు రాసుకో.”

ఆ మర్నాడు పొద్దున్నే ఇద్దరం టీ హోటల్లో కూర్చున్నాం. బుట్ట వచ్చింది. అక్క రొయ్యల కుడుమును విప్పకుండానే మింగేసింది. నేను తుఫానుకి భయపడను, పోలీసుకి భయపడను. అప్పుడు మాత్రం భయపడ్డాను.

“అక్కా, ఒక్క సంతకమే కదా. పెట్టెయ్. బ్యాంకులు ఊరికే పడిపోతాయా?”

“పడకపోవచ్చురా కిట్. కానీ పాంగ్ బాబాయ్ ఫండు చదివి కొనడు. యిప్‌ను చూసి కూడా కొనడు. ‘సౌఫన్ చూసిందా? అయితే రాయి’ అంటాడు. ఆయనకి నిబంధనలు తెలీవు, నేను తెలుసు. లోపల షేర్లు ఉన్నాయనుకుని కొంటాడు. నేను సాదా అని రాస్తే ఉన్నాయని నేను చెప్పినట్టే.”

“మరి ఉద్యోగం?”

“అదే కదా. ఇంట్లో కూర్చున్నాననుకో, వారం తిరిగేసరికి మీ బావ కట్టిన ఇళ్ళన్నీ ఊడదీసేస్తాను. ఆ మనిషి ఎక్కడికి పోతాడు?” నవ్వబోయింది. నవ్వు రాలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది, చలికాలంలో పట్టుకున్నట్టు. బయటేమో ఉక్కపోత.

పంది రోజు వచ్చింది. ఎర్రగా కాలిన పంది బల్ల మీద పడుకుంది, కళ్ళల్లో రెండు ఎర్ర చెర్రీలు పెట్టారు. ఆ పంది ఎంత పెద్దదంటే మెట్ల మీద నేనొక్కణ్ణే మోసుకొచ్చాను, నాతోపాటు ఇంకో నలుగురు పట్టుకున్నారు అంతే. దుకాణం మూలన, మాట తప్పినవాణ్ణి వదలని క్వాన్ దేవుడి చిన్న మందిరం ముందు ధూపం వెలిగించారు. మంచి ఘడియ దాటకముందే యజమాని పందిని కొయ్యాలి. ముసలాళ్ళంతా వచ్చారు, మాంసం పట్టుకెళ్ళడానికి డబ్బాలతో సహా. పాంగ్ బాబాయ్ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

రేమండ్ అందరినీ మంచి చేసుకోవాలని కొత్త ఎత్తు వేశాడు. వాడి పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికి ముందు బంధువులకి పంచే కేకు చీటీల కట్ట తెచ్చి ఒక్కొక్కరికీ చేతిలో పెట్టాడు. చీటీ తీసుకెళ్ళి బేకరీలో ఇస్తే కేకు ఇస్తారు. “మామ్మా, మీరూ మా పెద్దవాళ్ళే” అంటూ ఫుంగ్ మామ్మకి రెండు ఇచ్చాడు. మామ్మ ముఖం విప్పారింది. గుమ్మం దగ్గరున్న పాంగ్ బాబాయ్ కూడా లోపలికి రెండడుగులు వేసి చెయ్యి చాపాడు.

యజమాని కత్తి చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు. “పందిని కొయ్యబోయే ముందు సౌఫన్ ఒక మాట చెబుతుంది.”

అక్క ముందుకొచ్చింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఆవిడ చేతిలో ఉంది. రుమాలులో ఉమ్మింది. అందరి వైపూ చూసింది. ఫుంగ్ మామ్మ చేతిలో చీటీ దగ్గర ఆవిడ చూపు ఆగింది.

“మొన్న నేను అన్న మాట తప్పు. మళ్ళీ చెబుతున్నాను. ఆ ఫండు కాగితం ఇల్లు కాదు. అది పెళ్ళి కేకు చీటీ.”

“ఆహా!” అంది గది మొత్తం. పెళ్ళి మాట కదా, శుభం. ఫుంగ్ మామ్మ చప్పట్లు కొట్టింది. యజమాని ఆనందం పట్టలేక కత్తి పైకెత్తాడు.

“ఎంచక్కా చెప్పావు సౌఫన్! ఇక సంతకం...”

“ఇంకొక్క ముక్క ఉంది యజమానీ. మామ్మా, మీ చేతిలో ఉన్నది కేకా?”

“కేకేంటే, చీటీ. బేకరీకి వెళ్ళి ఇస్తేనే కేకు.”

“బేకరీ మూతపడితే?”

గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. మా పేటలో కేకు చీటీతో మోసపోని కుటుంబం లేదు. ఒకప్పుడు వీధివీధినా దీపాల బోర్డులతో ఉన్న పెద్ద బేకరీ ఒక తెల్లారేసరికి తలుపులు దించేసింది.

“నా దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి ఆ చీటీలు!” అన్నాడు పాంగ్ బాబాయ్. “మా ఆవిడ పారెయ్యనివ్వదు. ఎప్పుడైనా తెరుస్తారేమోనట!”

“మా కోడలివైపు వాళ్ళవి నాకున్నాయి. ఏ ముఖం పెట్టుకుని అడగను?” అంది ఫుంగ్ మామ్మ.

పాంగ్ బాబాయ్ రేమండ్ దగ్గరికి నడిచాడు. “బాబూ, మీ ఫండుకి బేకరీ ఎవరిది?”

“పెద్ద విదేశీ బ్యాంకు బాబాయ్. చాలా పెద్దది.”

“మా బేకరీ కూడా పెద్దదే నాయనా.”

“తాకట్టు ఉంది బాబాయ్. బ్యాంకు ఇవ్వకపోతే తాకట్టు అమ్మి ఇస్తారు.”

“ఏంటది?”

“వేరే దేశాల షేర్లు.”

“అంటే కేకుకి బదులు చేపల ఉండలు ఇస్తారన్నమాట” అంది ఫుంగ్ మామ్మ. “ఆ రోజు అవి పులిసిపోకుండా ఉంటే.”

రేమండ్ టై వదులు చేసుకున్నాడు. మేనల్లుడి అవస్థ చూసి యజమానికి రోషం వచ్చింది. కత్తితోనే గుండె మీద కొట్టుకోబోయి ఆగాడు. “ఎందుకయ్యా ఈ భయాలు! ఇన్నేళ్ళుగా చూస్తున్నారు, నేను లేనా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

“ఉన్నావు నాయనా” అంది ఫుంగ్ మామ్మ తియ్యగా. “అయితే చెప్పు. బేకరీ మూతపడితే మా కేకులు నువ్విస్తావా? చేతిలో కత్తి ఉంది, ఎదురుగా క్వాన్ దేవుడున్నాడు. ఇస్తానని ఒక్క మాట అను. సౌఫన్ సాదా అని రాసేస్తుంది, మేమంతా కొనేస్తాం.”

యజమాని దేవుడి వైపు చూశాడు. ఎర్ర ముఖం, పొడుగు గడ్డం, చేతిలో ఆయుధం. ఆయన ముందు కత్తి పట్టుకుని మాట ఇచ్చి తప్పిన వ్యాపారి మా పేటలో ఇంతవరకూ లేడు. ఒకడున్నాడు గానీ వాడి దుకాణం మీద పిడుగు మూడుసార్లు పడింది, మూడోసారి నేను అక్కడే ఉన్నాను. పంది చెర్రీ కళ్ళతో యజమానినే చూస్తోంది.

“సౌఫన్” అన్నాడు చివరికి, కత్తి దించుతూ. “నీకెలా రాయాలనిపిస్తే అలా రాయి.”

“చిక్కు సరుకు అని రాస్తాను యజమానీ.”

“రాయి.”

“మరి నాకు విశ్రాంతి?”

“ఎవడిచ్చాడే విశ్రాంతి! రేపటి నుంచి వీళ్ళందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు ఎవరడుగుతారు, నేనా? ముందు నన్ను కొయ్యనివ్వు, ఘడియ దాటిపోతోంది!”

పంది చర్మం విరిగిన చప్పుడు కింద వీధిలో బస్సులు ఆపింది. అక్క బల్ల చివర కూర్చుని, ఆ గోలలోనే సంతకం పెట్టింది. రేమండ్ ఒక మూల ఫోనులో తన బేకరీవాళ్ళకి చేస్తున్నాడు, “మీరు ఈ ఏడాదంతా తెరిచే ఉంటారు కదా” అని. కుర్చీలు మళ్ళీ నిండాయి. వీపు ఆనించగానే ముసలాళ్ళంతా ఒక్కసారి మూలిగారు.

అప్పుడు పాంగ్ బాబాయ్ మాంసం డబ్బా చంకలో పెట్టుకుని అక్క ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“అడగవమ్మా నీ ప్రశ్నలు. నాకు అడిగించుకోవడం నామోషీ ఏమీ లేదు.”

“ఈ ఫండు లోపల సూచీలోని షేర్లు ఉన్నాయా బాబాయ్?”

“లేవు.”

“ఏముంది?”

“మాట ఉంది.”

“మాట ఇచ్చినవాడు పోతే?”

“నా డబ్బులో ఎంత మిగులుతుందో చేపల ఉండలు చెప్పాలి. ఇంత తెలిశాక ఎవడు కొంటాడమ్మా దీన్ని?”

“మరి మీరు కొంటానని కూర్చున్నారు.”

“ఆ అబ్బాయి ముఖం చూడు, పెళ్ళి పెట్టుకుని ఎలా వాడిపోయాడో. పోయినా ఫరవాలేదనుకున్నంత, కొంచెం రాయి. మిగతాది నువ్వు సాదా అని రాసినదాంట్లో వెయ్యి, షేర్లు నిజంగా ఉన్నదాంట్లో.”

అక్క ఆయన జవాబులన్నీ రాసింది. బాబాయ్ వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని సంతకం పెట్టాడు. ఆ కాగితం మీద పంది కొవ్వు చుక్క కూడా పడలేదంటే అది నా గొప్పతనమే. నేనే పట్టుకున్నాను.